150 అడుగుల ఓడ, 28 అంగుళాల కొయ్య

మన గ్రంథాలయ ద్వారము ప్రక్కన ఒక అద్దాల పెట్టె ఖాళీగా ఉన్నది. కళాశాల కమిటీ పెద్దలు మూడు సంవత్సరాల క్రిందట ఒక కొయ్య ఓడ కొరకు దానిని చేయించినారు. ఓడ తయారైనది, విజ్ఞాన ప్రదర్శనలో బహుమతి కూడ పొందినది, కాని పెట్టెలోనికి రాలేదు. ఎందుకు రాలేదని కమిటీ సభ్యులు మర్యాదగాను, విద్యార్థులు నవ్వుతూను నన్ను అడుగుతూనే ఉన్నారు. ఈ వ్యాసము ఒక విధముగా నా సంజాయిషీ. దానితోపాటు, తెరచాపల కాలపు యుద్ధనౌకకు కొయ్యతో నమూనా ఎట్లు చేస్తారో, అందులో చేయి ఎక్కడ పొరబడుతుందో కూడ చెప్పదలచినాను.

ప్రదర్శన చివరి రోజు సాయంకాలము ఒక విద్యార్థి తాతగారు వచ్చినారు. జీవితమంతా వడ్రంగములో గడిపిన మనిషి. అందరూ మిస్త్రీగారని పిలుస్తారు. అప్పటి వరకు వచ్చినవారంతా ఫిరంగులను లెక్కపెట్టి, త్రాళ్లను చూచి ఆశ్చర్యపడి వెళ్లినవారే. ఆయన వాటి వంక చూడనే లేదు. ఓడ ముక్కు ఎదుట వంగి, ఒక కన్ను మూసి, అడుగు దూలము వెంట చూపు సారించి, "మాస్టారూ, దీని వెన్ను ఎడమకు తిరిగిందండీ" అన్నారు. అని ఊరకున్నారు.

మరునాడు ఓడను కడప బండపై నిలిపి, ముక్కు నుండి వెనుక వరకు దారము లాగి కొలిచినాము. 3 మిల్లీమీటర్లు. మా నమూనా అసలు ఓడలో 64వ వంతు గనుక, ఆ లెక్కన అసలు ఓడ వెన్ను ఏడున్నర అంగుళాలు వంకర పోయినట్లు. అటువంటి ఓడను ఏ రేవులోను నీటిలోనికి దింపనివ్వరు.

మేము ఎన్నుకొన్న ఓడ పేరు ట్రింకోమలీ. సింహళ ద్వీపములోని రేవుపట్టణపు పేరు పెట్టుకొన్న ఈ ఫ్రిగేటు బ్రిటిష్ నౌకాదళమునకు చెందినది. పుట్టినది మాత్రము బొంబాయిలో. అక్కడి నౌకాశాలలో 1816లో పని ఆరంభమై, 1817 అక్టోబరు 12న నీటిలోనికి దిగినది. కట్టించినవాడు జంషెట్జీ బొమన్జీ వాడియా. ఈ పారశీక కుటుంబమునకు మూలపురుషుడైన లవజీ నస్సర్వాన్జీ 1736లో సూరతు నుండి బొంబాయి వచ్చి నౌకానిర్మాణమును స్థాపించినాడు. తరువాత తరతరములుగా అక్కడి ప్రధాన నిర్మాతలు ఆ ఇంటివారే. 1842లో ఆంగ్లేయులకు, చీనావారికి మధ్య నాన్‌కింగ్ సంధిపై సంతకములు జరిగిన కార్న్‌వాలిస్ అను యుద్ధనౌక కూడ వారి చేతిలో పుట్టినదే. ట్రింకోమలీ అడుగు దూలమును నిలిపినపుడు పారశీకుల ఆచారము ప్రకారము అందులో వెండి మేకు కొట్టినారు.

కొయ్య మలబారు టేకు. ఇంగ్లీషువారి టీక్ అను మాట పోర్చుగీసువారి నోటి మీదుగా మన దక్షిణాది నుండి పోయినదే. మలయాళీల తేక్కు, మన టేకు దానికి దగ్గర చుట్టములు. మాటను ఎందుకు తీసికొని పోయినారో తెలిసికొనుట కష్టము కాదు. వారి ఓక్ కొయ్యలో ఉండే ఆమ్లము ఇనుప మేకును తినివేస్తుంది. టేకులోని నూనె ఇనుమును కాపాడుతుంది. అందుచేతనే 1897లో పాతసామానుగా అమ్ముడుపోయిన ఈ ఓడ, ఒక ధనికుడు కొని శిక్షణనౌకగా మార్చినందున బ్రతికి, 1990 నుండి 2001 వరకు ఇంగ్లండులోని హార్ట్‌లపూల్ రేవులో మరమ్మతు చేయబడి, నేటికిని అక్కడ నీటిపై తేలుతున్నది. తేలుతున్న బ్రిటిష్ యుద్ధనౌకలలో ఇదే అతి పురాతనమైనదని చెబుతారు.

ఇక నమూనా పనికి వద్దాము. మొదట కావలసినది కొయ్య కాదు, నక్షా. ఈ ఓడ నక్షా కథ చెప్పవలసినదే. 1812లో ఉత్తరువు అయిన తరువాత నక్షాలను జావా అను యుద్ధనౌకలో బొంబాయికి పంపినారు. అప్పుడు ఇంగ్లండుకు, అమెరికాకు యుద్ధము. 1812 డిసెంబరు 29న బ్రెజిలు తీరమున అమెరికావారి కాన్‌స్టిట్యూషన్ అను ఓడ జావాను పట్టుకొన్నది. జావా తిరిగి బాగుచేయరానంతగా దెబ్బతిన్నందున తగులబెట్టినారు. నక్షాలు పోయినవి. మరొక ప్రతి వ్రాయించి పంపేవరకు బొంబాయిలో పని మొదలు కాలేదు. టేకు ఉన్నది, పనివారు ఉన్నారు, నౌకాశాల ఉన్నది. కొన్ని గీతలు లేక ఓడ ఆగిపోయినది. పైగా ఆ గీతలు పుట్టుకతో ఆంగ్లేయులవి కూడ కావు. 1782లో ఫ్రెంచివారి నుండి పట్టుకొన్న హెబే అను ఓడ ఆకారమును కొలిచి, దానినిబట్టి లీడా తరగతి ఫ్రిగేట్లను గీసినారు. ట్రింకోమలీ ఆ తరగతిలోనిది. ఫ్రెంచి రూపము, ఇంగ్లీషు ఉత్తరువు, పారశీక నిర్మాత, మలబారు కొయ్య!

ఓడ నక్షా మూడు చూపులలో ఉంటుంది. ప్రక్క నుండి చూచినది ఒకటి. పై నుండి చూచినది ఒకటి, అందులో సగము వెడల్పే గీస్తారు. ముక్కు వైపు నుండి, వెనుక వైపు నుండి చూచినది మూడవది. ఓడ ఎడమకుడులు సమానము గనుక ఈ మూడవ పటములో సగము ముందుభాగపు ఒంపులను, సగము వెనుకభాగపు ఒంపులను చూపి కాగితము ఆదా చేస్తారు. రొట్టెను ముక్కలుగా కోసినట్లు ఓడను అడ్డముగా కోసినచో ప్రతి ముక్క అంచు ఎట్లుంటుందో ఆ ఒంపు చెబుతుంది. క్రొత్తగా చూచేవారికి అది సాలెగూడు. పది రోజులు దానితో కూర్చున్నవారికి ఓడ కనబడుతుంది. మా విద్యార్థులలో ఇద్దరికి ఈ పటము వలననే ఘనజ్యామితి భయము తీరినది.

నక్షా చేతికి వచ్చిన తరువాత మరొక చిక్కు. ఏ సంవత్సరపు ఓడ చేయవలెను? నీటిలోనికి దిగినపుడు ట్రింకోమలీకి 46 ఫిరంగులు. ఫిరంగి అంతస్తులో 18 పౌండ్ల గుండు వేసేవి 28, పై అంతస్తులలో మిగిలినవి. 1817 వరకు ఈ తరగతిని 38 ఫిరంగుల ఓడలనే వ్రాసేవారు. కారొనేడ్ అను పొట్టి ఫిరంగులను లెక్కలో చేర్చేవారు కారు. ఓడ పుట్టిన సంవత్సరమే లెక్క మారినది. తరువాత పాతిక సంవత్సరములకు పైగా పనిలేక, కప్పు క్రింద నిలిచి, 1845–47లో 26 ఫిరంగుల చిన్న తరగతి నౌకగా మార్చబడినది. అప్పుడు చదరముగా ఉన్న వెనుకభాగమును గుండ్రముగా మార్చినారు. నేడు ఫొటోలలో కనబడేది ఆ గుండ్రని వెనుకభాగము. మేము ముందుభాగమును 1817 నక్షా ప్రకారము, వెనుకభాగమును ఫొటో ప్రకారము చేసినాము. అనగా ఏ సంవత్సరములోను లేని ఓడను చేసినాము. ఇది మిస్త్రీగారు చూడని తప్పు. నేను ఆరు నెలల తరువాత చూచినది.

ఇటువంటి తప్పులు పాత కాలము నుండి ఉన్నవే. ఫ్రాన్సుతో యుద్ధములు జరిగిన దినములలో ఇంగ్లండులోని నార్మన్ క్రాస్ మొదలైన చెరసాలలలో ఫ్రెంచి ఖైదీలు తమ భోజనములో మిగిలిన ఎముకలను చెక్కి ఓడలు చేసి సంతలో అమ్మేవారు. చేతిపని అద్భుతము. కాని వారి వద్ద నక్షా లేదు, జ్ఞాపకమే ఆధారము. కావున ఒక ఓడకు స్తంభము పొడవెక్కువ, మరొకదానికి ముక్కు లావెక్కువ. దీనికి ఎదురుగా 17వ శతాబ్దములో ఇంగ్లీషు నౌకాదళము కొరకు చేసిన నమూనాలు ఉన్నవి. వాటి అడుగుభాగమునకు పలకలు అతికించరు; లోపలి పక్కటెముకలు బయటికి కనబడుతూ ఉంటాయి. లోపలి పనిని దాచుకొనే అవకాశము ఆ పనివారు తమకు తామే లేకుండ చేసికొన్నారు. దినచర్య వ్రాసి ప్రసిద్ధుడైన సామ్యూల్ పీప్స్ నౌకాశాఖలో పెద్ద ఉద్యోగి. ఆయనకు ఈ నమూనాలంటే పిచ్చి.

ఇప్పుడు ప్రమాణము సంగతి. 64కు ఒకటి అని నిర్ణయించినాము. 150 అడుగులకు కొంచెము మించిన ఫిరంగి అంతస్తు 28 అంగుళాలు అవుతుంది. 40 అడుగుల పైచిలుకు వెడల్పు ఏడున్నర అంగుళాలు. అయిదున్నర అడుగుల నావికుడు ఇంచుమించు ఒక అంగుళము. ఆ అంగుళపు మనిషిని మనస్సులో ఉంచుకొన్నవాడు తప్పులు తక్కువ చేస్తాడు. ఏ వస్తువు చేసినా, ఆ మనిషి దానిని పట్టుకోగలడా, ఆ తలుపులో దూరగలడా అని అడుగవలెను.

కాని అన్నియు ఒకే రీతిగా తగ్గవు. భౌతికశాస్త్ర విద్యార్థులు ఇక్కడ కొంచెము ఆగవలెను. పొడవు 64వ వంతు అయినపుడు వైశాల్యము 4,096వ వంతు, ఘనపరిమాణము 2,62,144వ వంతు అవుతుంది. రెండు టన్నులు దాటిన 18 పౌండ్ల ఫిరంగి మా నమూనాలో 8 గ్రాములు తూగవలెను. బరువు ఘనపరిమాణమునుబట్టి తగ్గుతుంది. కొయ్య బలము అడ్డకోత వైశాల్యమునుబట్టి తగ్గుతుంది. కావున నమూనా తన బరువుకు అసలు ఓడకంటె ఎన్నో రెట్లు బలమైనది. వినుటకు ఇది వరమువలె ఉన్నది గాని, పనివానికి ఇదే మోసము. అసలు ఓడలో తప్పు చేసినచో విరుగుతుంది, కారుతుంది, నౌకాశాలలోనే బయటపడుతుంది. నమూనాలో ఏదియు విరుగదు. తప్పు చేసినవాడు దానిపై రంగు వేసి బహుమతి తీసికొనవచ్చును.

తగ్గనివి మరికొన్ని ఉన్నవి. కొయ్య గీతలు తగ్గవు. అసలు ఓడ టేకుది గదా, నమూనాకు కూడ టేకే వాడుదామని విద్యార్థులు ఉత్సాహపడినారు. టేకు పలకపై అర మిల్లీమీటరు గీత మనకు అందముగా కనబడుతుంది. 64 రెట్లు పెంచినచో అది 32 మిల్లీమీటర్ల నెరియ. మన అంగుళపు నావికుని కాలు అందులో ఇరుక్కొంటుంది. ఐరోపావారు ఇందుకొరకే గీత కనబడని పియర్, బాక్స్ కొయ్యలను వాడుతారు. మనకు అంకుడు కర్ర ఉన్నది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది దానితోనే. దంతమువలె నున్నగా, సన్నని పోతతో ఉంటుంది. చిన్న కప్పీలకు, త్రాళ్లు బిగించే బిళ్ళలకు అంతకు మించినది దొరకదు. ఇక కొండపల్లి బొమ్మల పొనికి మరీ మెత్తన. పైపనికి పనికిరాదు గాని ముక్కు దగ్గర ఖాళీలను నింపి ఒంపుగా చెక్కుటకు బాగుంటుంది. చూడుడు, టేకు ఓడను టేకు లేకుండ చేస్తేనే టేకు ఓడవలె కనబడుతుంది!

బట్ట కూడ తగ్గదు. ఎంత పలుచని మల్లు గుడ్డయైనను దాని పోగు ఆ నావికునికి త్రాడంత లావు. అందువలన చాలమంది తెరచాపలు కట్టక స్తంభములను, అడ్డకర్రలను మాత్రమే నిలుపుతారు. మేము మొదట కట్టినాము. దుప్పట్లు ఆరవేసినట్లున్నదని ఒక సహాధ్యాపకుడు అన్నాడు; తీసివేసినాము.

ఓడ నిర్మాణము వెన్నుతో మొదలవుతుంది. అడుగు దూలమును, దానిపై ప్రక్క చూపు ఆకారములో కోసిన నిలువు పలకను కలిపి వెన్ను అందాము. దానికి అడ్డముగా, మూడవ పటములోని ఒంపుల ప్రకారము ప్లైవుడ్ బిళ్ళలను కోసి, గాడి తీసి నిలుపుతారు. అవి పక్కటెముకలు. ప్రతి బిళ్ళ వెన్నుకు లంబముగా నిలువవలెను. తరువాత వాటి అంచులను ఆకురాయితో ఏటవాలుగా అరుగదీయవలెను. ఎందుకనగా పలక ముక్కు వైపు తిరిగేటపుడు బిళ్ళ అంచును ఒక మూల మీద మాత్రమే తాకుతుంది. పూర్తిగా ఆనవలెనన్నచో అంచు దాని దారిలో వంగి ఉండవలెను. ఒక సన్నని బద్దను బిళ్ళలపై ఆనించి చూస్తూ, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లము అని వెదకుచు, రోజుల తరబడి చేసే పని ఇది. చూపుటకు ఏమియు ఉండదు. ప్రదర్శన దగ్గరపడినపుడు మేము తొందరపడినది ఇక్కడనే.

తరువాత పలకలు. మొత్తము పనిలో బుద్ధికి పరీక్ష ఇదే గనుక కొంచెము వివరముగా చెబుతాను. ఒక కుండను తీసికొని నడుము నుండి అడుగు వరకు ఒకే వెడల్పు గల రిబ్బను ముక్కలను నిలువున అతికించి చూడుడు. నడుము దగ్గర ప్రక్కప్రక్కన సరిగా అమరుతాయి. అడుగుకు వచ్చేసరికి ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ఓడ ప్రక్కభాగము కూడ అంతే. మధ్యలో చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. ఉదాహరణకు మధ్య బిళ్ళ అంచు 200 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందాము. అసలు ఓడలో 10 అంగుళాల పలక మనకు 4 మిల్లీమీటర్లు. అనగా 50 పలకలు. ముక్కు దగ్గర అంచు 120 మిల్లీమీటర్లే అయినచో, అదే 50 పలకలు అక్కడ ఒక్కొక్కటి 2.4 మిల్లీమీటర్లకు సన్నబడవలెను. ప్రతి బిళ్ళ అంచును 50 భాగములు చేసి గుర్తులు పెట్టి, ప్రతి పలకను ఆ గుర్తుల ప్రకారము చిత్రిక పట్టవలెను. సగము కంటె సన్నబడవలసి వచ్చినచో నిజమైన ఓడవారు అట్లు చేయరు. మొనలో మేకు నిలువదు. రెండు పలకలను ఆపి ఒకే పలకగా ముందుకు పోనిస్తారు. వెనుకభాగములో దీనికి విరుద్ధము, అక్కడ చోటు ఎక్కువై అదనపు ముక్కలు చేర్చవలసి వస్తుంది.

పలక తన మందము వైపు వంగుతుంది, వెడల్పు వైపు వంగదు. ఈ ఒక్క మాట తెలియక పాడైన నమూనాలు ఎన్నో. నీటిలో నానబెట్టి, వేడి తగిలించి, మెల్లగా వంచి, బట్టల క్లిప్పులతో బిగించి ఆరనివ్వవలెను. వెడల్పు వైపు బలవంతముగా లాగినచో ఒక అంచు పైకి లేస్తుంది. ఎంత బంక పూసినను లేచే ఉంటుంది. లాగవలసిన అవసరము వచ్చినదంటే చిత్రిక తప్పినదని అర్థము.

ఇంకొక నియమము. కుడివైపు ఒక పలక అతికించినచో ఎడమవైపు ఒకటి అతికించవలెను. తడిపి వంచిన పలక ఆరేటపుడు ముడుచుకొని బిళ్ళలను తన వైపు లాగుతుంది. రెండు ప్రక్కల సమానముగా లాగినపుడు వెన్ను నిలుస్తుంది. మేము ఏమి చేసినాము? విద్యార్థులను రెండు జట్లు చేసి, కుడి ఒక జట్టుకు, ఎడమ ఒక జట్టుకు ఇచ్చి, పందెము పెట్టినాము. ఎడమ జట్టు చురుకైనది. రెండు వారముల ముందే ముగించినది. పైగా వెన్నుకు వాడిన కొయ్య నెల క్రిందట కొన్న పచ్చి ముక్క. ఈ రెండు కారణములలో ఏది ఒకటిన్నర మిల్లీమీటరు, ఏది మిగిలిన ఒకటిన్నర అని విడదీసి చెప్పలేను. రెండింటికిని బాధ్యుడను నేనే. జట్ల ఆలోచన నాది, కొయ్య కొన్నది నేను.

పై పనులను త్వరగా చెప్పి ముగిస్తాను. పలకలు కదలకుండ అసలు ఓడలో కొయ్య చీలలు దిగగొట్టేవారు. నమూనాలో వెదురును సన్నగా చీల్చి, కంసాలి తీగ తీసే కమ్మచ్చు రంధ్రములలో ఒకదాని తరువాత ఒకటిగా లాగినచో అర మిల్లీమీటరు చీలలు వస్తాయి. ఇది మా విద్యార్థులు అన్నిటికంటె ఇష్టపడిన పని. నీటి మట్టము క్రింద పురుగు తినకుండ రాగి రేకులు కొట్టేవారు. ఒక్కొక్కటి 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. మన ప్రమాణములో 19 మిల్లీమీటర్లు, అయిదున్నర మిల్లీమీటర్లు. వేయికి పైగా కావలెను. వాటిపై మేకు తలలు చూపవలెనని పొక్కులు పొక్కులుగా నొక్కుతారు కొందరు. అసలు మేకు తల ఈ ప్రమాణములో కంటికి ఆనదు. కనబడనిదానిని చూపుట కూడ అబద్ధమే.

త్రాళ్లలో ఒక ముఖ్యమైన ఉచ్చు ఉన్నది. ఆ కాలపు ఇంగ్లీషు పట్టికలలో 16 అంగుళాల మోకు అని ఉన్నచో అది చుట్టుకొలత, మధ్యకొలత కాదు. తెలియనివారు మూడు రెట్లు లావుగా కడతారు. 16 అంగుళాల మోకు మనకు 2 మిల్లీమీటర్ల దారము మాత్రమే. స్తంభములను నిలిపే మోకులు కీలు పూసినవి, నల్లగా ఉండవలెను. తెరచాపలను లాగే త్రాళ్లు లేతవన్నె. మోకులపై నిచ్చెన మెట్లవలె అడ్డముగా కట్టే సన్నని త్రాళ్ల మధ్య దూరము సుమారు 13 అంగుళాలు, అనగా 5 మిల్లీమీటర్లు. ప్రతి కలయిక వద్ద ఒక ముడి. ఈ ముళ్లు వేస్తూ ఉన్నపుడే ఒక విద్యార్థి లంగరు, సరంగు, కళాసీ అను మాటలు ఉర్దూ తరగతిలోను తెలుగు తరగతిలోను ఒకటేనని గుర్తించినాడు. సముద్రము మీద ఆ మాటలు ఎన్ని రేవులు దాటి మన ఇంటికి వచ్చినవో! ఇక దారము తన బరువుకు వ్రేలాడదు. గాలిలో నిక్కి నిలుస్తుంది. పలుచని బంక నీటిలో తడిపి, చిన్న బరువు కట్టి, ఆరనిచ్చి ఆ ఒంపును తెప్పించవలెను.

తేమ సంగతి చెప్పక తప్పదు. వంద అంగుళాల పలకైనా, ఒక్క అంగుళపు పలకైనా, తేమకు ఉబ్బే శాతము ఒకటే. సముద్రములో ఓడకు ఇది మేలు చేస్తుంది. పలకలు ఉబ్బి సందులు మూసుకొంటాయి. గదిలోని నమూనాకు వానకాలము ఉబ్బు, ఎండకాలము బీట. ప్రదర్శన తరువాత వచ్చిన మొదటి వానలకే మా ఓడ కుడిప్రక్కన మూడవ పలక వద్ద వెంట్రుకంత సందు తెరచుకొన్నది. మిస్త్రీగారి కన్ను చెప్పినదానిని వాన ధ్రువపరచినది.

అప్పుడు విద్యార్థులను కూర్చోబెట్టి విప్పుదామన్నాను. గొడవ అయినది. "సార్, బహుమతి వచ్చిన ఓడ. పెట్టెలో గోడ ప్రక్కన పెడితే ఎవరు వంగి చూస్తారు?" అని ఒకడు అడిగినాడు. అతడు ఎడమ జట్టు నాయకుడు. అందరికంటె శుభ్రముగా పని చేసినవాడు. అతని పనిలో తప్పు లేదు, అతనికి పని ఇచ్చిన తీరులో ఉన్నది. ఆ మాట అతనికి నచ్చజెప్పుటకు నాకు నెల పట్టినది. పూర్తిగా నచ్చినదని ఇప్పటికిని అనుకోను. చివరకు అతడే బంక కరిగించి మొదటి పలక ఊడదీసినాడు. ఫిరంగులు, కప్పీలు, స్తంభములు భద్రముగా డబ్బాలలో ఉన్నవి. వాటికి లోపము లేదు. వెన్నును మాత్రము మిస్త్రీగారు ఇంటికి తీసికొని పోయినారు. ఏమి చేసినారో అడుగలేదు.

కమిటీ పెద్దలు కోరినందున ఖర్చు సంగతి కూడ చెబుతాను. క్రొత్త వెన్నుకు, పలకలకు కొన్న కొయ్య రెండు సంవత్సరములు ప్రయోగశాల అటకపై ఆరినది. ఇంతకాలము ఆలస్యమైనది ముఖ్యముగా దానివలననే. మేము అడిగేది డబ్బు కాదు. వాన పడని ఒక మూల, కొయ్య పేర్చుకొనుటకు ఒక అలమార. ఒక తరగతి విద్యార్థులు వెన్ను చేసి వెళ్లిపోతారు, తరువాతివారు పలకలు, ఆ తరువాతివారు త్రాళ్లు. ఎవరి పేరు పెట్టె మీద వ్రాయవలెనన్న ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. అందరివి వ్రాయుటకు చోటు చాలదు.

వెనుకభాగము ఈసారి 1817 నాటిదే, చదరము.

ఈ విద్యాసంవత్సరపు ఆరంభములో క్రొత్త వెన్నును బండపై బిగించినాము. బిళ్ళలు నిలిచినవి, అంచుల పని సాగుతున్నది. ప్రతి శనివారము మధ్యాహ్నము మిస్త్రీగారు మనుమనితో వస్తారు. ఎవరితోను మాట్లాడక ముక్కు ఎదుట వంగి ఒక కన్ను మూస్తారు. విద్యార్థులు ఊపిరి బిగబట్టి నిలబడతారు. పోయిన శనివారము చాలసేపు చూచినారు. లేచి, ఆరవ బిళ్ళను వ్రేలితో తట్టి, ఉప్పుకాగితము ఇమ్మని చేయి చాచినారు.